కర్పూరం కలిపిందెవరు?

పోయిన వారం మనం బుడ్డీల మేష్టారి గదిలో ఆగాం. విత్తనాల కంపెనీ వెనకవైపు, నూనెలు పరీక్షచేసే ఆ ఇరుకు గదిలో, మిషన్‌లోంచి వచ్చిన పొడవాటి కాగితాన్ని ఆయన బల్ల మీద పరిచి ఒక చోట వేలు ఆనించాడు. "నూటికి యాభై ఎనిమిది పాళ్ళు కర్పూరం," అన్నాడు.

పరీక్షకి తెచ్చిన ఆ సీసాలో ఉండాల్సింది రుద్రజడ నూనె. వంటింటి కిటికీల్లో జనం పెంచుకునే, సబ్జా గింజలిచ్చే ఆ మొక్క ఆకుల్నుంచి, ఎదుట కూర్చున్నామె అత్తగారు తన చేత్తో తీసిన నూనె. మంగళవారం సాయంత్రం మనవడికి జలుబు చేసిందని గుండెల మీదా ముక్కు కిందా రాసిన నూనె. రాసిన గంటకి తొమ్మిది నెలల పసివాడికి ఫిట్స్ వచ్చాయి. తల్లి ఆ పూట పొలాల్లో పంట తనిఖీకి వెళ్ళి పొరుగూళ్ళో ఉంది. ఆమె ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చేసరికి బిడ్డ చేతికి సూది గుచ్చి ఉంది. పసివాళ్ళ ఒంటికి కర్పూరం పనికిరాదనీ, ఫిట్స్ తెప్పించేది అదేననీ డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ్టికి మూడో రోజు. వాడు పాలు తాగుతున్నాడు, దగ్గరున్న మేనత్తని చూసి నవ్వాడు కూడా. ఇంకొక్క రోజు కళ్ళముందు ఉంచుకుని పంపిస్తామన్నారు.

"ఆగమ్మా, మొత్తం విను. కర్పూరం ఒక్కటే కాదు, దాని పక్కన..." అంటూ మేష్టారు తలెత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ.

ఆ కుర్చీలోంచి లేచిన మనిషిని కంపెనీలో అందరూ జల్లెడ అంటారు. గింజల శుద్ధి చూడటం ఆమె పని. ఏ సంచీలో ఏ కలుపు గింజ దాక్కున్నా ఆమె కన్నుగప్పి పోలేదు. అలాంటి మనిషి ఆ రోజు సగం మాట మాత్రమే విని వచ్చేసింది. కోపానికి చెవులుండవు మరి. కంపెనీ గేటు దగ్గర్నుంచి ఇంటి మెట్ల దాకా ఆమెకి దారి తెలియలేదు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అదొక్కటే తెలిసింది.

ఇంట్లో అత్తగారు వంటింట్లో పాలసీసాలు కడుగుతోంది. భర్త బల్ల దగ్గర కూర్చుని ఆస్పత్రికి పంపాల్సిన పిల్లాడి చొక్కాలు మడతపెడుతున్నాడు. అతనూ అదే కంపెనీలో గుమాస్తా. సరుకు ఎక్కడికెళ్ళాలో రాసి, లారీ ఎక్కించి పంపే విభాగం అతనిది. ఈ మూడు రోజులూ ఆ మనిషి నోట్లోంచి నాలుగు ముక్కలు రాలితే ఒట్టు.

జల్లెడ చెప్పులు కూడా విప్పలేదు.

"అత్తయ్యా, కర్పూరం ఎక్కడ పెట్టారు?"

అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "ఏం కర్పూరమే?" అంది.

"నా కొడుకు గుండెల మీద రాసిన కర్పూరం."

సీసా బ్రష్ ఆగిపోయింది. అత్తగారు తడి చేతుల్తో ఇటు తిరిగింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. సబ్బుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు సువాసన నూనెలు కాచి దిగిన మనిషి. ఇప్పటికీ ఇంట్లో పాత కుక్కర్‌కి విజిల్ తీసేసి, రాగిగొట్టం తగిలించి, ఆకుల మీద ఆవిరి పట్టి నూనె తీస్తుంది. వీధిలో సగంమంది పిల్లలు ఆవిడ నూనె రాసుకునే పెరిగారు.

"నేను రాసింది ఆకు నూనె."

"ఆకు నూనెలో సగానికి పైగా కర్పూరం ఎలా వచ్చింది? గాల్లోంచి దిగిందా?" జల్లెడ చేతిసంచీని గిన్నెల మధ్య పడేసింది. "మేష్టారు లెక్కకట్టి చెప్పాడు. యాభై ఎనిమిది! అంత కర్పూరం మీద కూర్చుంటే చీమ కూడా చస్తుంది, వాడెంత పిండం అత్తయ్యా!"

"నోరు అదుపులో పెట్టుకో. నేను అందులో ఏమీ కలపలేదు."

"కలపలేదూ?"

ఆమె విసురుగా లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపులు దబదబా తెరుచుకున్న చప్పుడు, అరల్లో చీరలు కిందపడ్డ చప్పుడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో కర్పూరం బిళ్ళల ప్యాకెట్టు ఉంది. పురుగు పట్టకుండా బట్టల్లో వేసేవి. పన్నెండు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి.

"మిగతావి ఏవి?"

"బట్టల్లో వేశాను. కరిగిపోయాయి. కర్పూరం కరక్క కొండెక్కి కూర్చుంటుందా?"

"బట్టల్లో వేశారో, కుక్కర్లో వేశారో!"

అత్తగారి ముఖం ఎర్రబడింది. "చూడు అమ్మాయ్. నీకు గింజలు తెలుసు, కాదన్ను. నూనె నాకు తెలుసు. ఘాటు నూనె ఏది, పసిపిల్లలకి రాసేది ఏది, నీ అమ్మ నీకు జడలు వేసేనాటికే నాకు తెలుసు. ఇదిగో, వీడికి రాశాను." కొడుకుని వేలెత్తి చూపించింది. "నా కూతురికి రాశాను. ఒక్కరికి తుమ్మొచ్చిందేమో అడుగు!"

జల్లెడ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మీరు ఒక్క మాటైనా మాట్లాడతారా? ఆస్పత్రి మంచం మీద పడుకున్నవాడు మీకూ కొడుకే."

గుమాస్తా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

ఆ మడతలు చూసేసరికి ఆమెకి ఇంకా చిర్రెత్తింది. ఆ కోపం కూడా అత్తగారి మీదే వెళ్ళి పడింది.

"అంత అనుభవం అన్నారుగా. మూత తీస్తే పక్కింటి గోడ దాకా కొట్టే వాసన అది! నేను ఆస్పత్రిలో వాడి చొక్కా ఎత్తుకోగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరి మీ ముక్కు ఏం చేస్తోంది అత్తయ్యా? అద్దెకిచ్చారా?"

అత్తగారు బ్రష్ కింద పెట్టేసింది.

ఆవిడ మెల్లగా స్టూలు లాక్కుని కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. పొడి అయిన తర్వాత కూడా తుడుచుకుంటూనే ఉంది.

"నాకు వాసన తెలియదే," అంది చివరికి.

"ఏంటి?"

"ఏడు నెలలైంది. ఆ పాడు జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి. మల్లెపూవు పెట్టినా ఒకటే, మాడిన అన్నం పెట్టినా ఒకటే. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నాను. మీకు చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఇరవై రెండేళ్ళు నా ముక్కే నాకు అన్నం పెట్టింది. అది పోయిందని నలుగురికీ చెప్పుకోనా?"

"అయితే వాసన తెలియకుండానే నూనె తీశారు. వాసన తెలియకుండానే నా బిడ్డకి రాశారు."

"చేతులకి తెలుసు కదా అనుకున్నాను."

"చేతులకి!"

అత్తగారు తల వంచుకుంది. బల్ల మీది బిళ్ళల ప్యాకెట్టు వైపు చూసింది. ఆ చూపు అంతకుముందు లేని చూపు. "కలిపానంటావా? ఒకవేళ... బట్టలు సర్దుతూ సర్దుతూ మధ్యలో పొయ్యి దగ్గరికి వచ్చానేమో. నాకైతే గుర్తులేదు."

అప్పుడు గుమాస్తా నోరు విప్పాడు. మెత్తగా, దూది మీద నడిచినట్టు అన్నాడు: "మర్చిపోయుంటావులే అమ్మా. వయసు. ఎవరికైనా జరుగుతుంది."

ఆ మాట వినడానికి ఓదార్పులాగే ఉంది. జల్లెడ కూడా అలాగే అనుకుంది. అత్తగారు మాత్రం కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇక నా బిడ్డని ముట్టుకోకండి," అంది జల్లెడ. "వాడు ఇంటికొచ్చాక వాడి గదిలోకి రాకండి. వాడి బట్టలు ఉతకొద్దు, వాడి సీసాలు కడగొద్దు."

అత్తగారు లేచింది. కడిగిన సీసాలు బోర్లించి, పంపు కట్టేసి, పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

కాసేపటికి పెరట్లోంచి ఏదో తెగుతున్న చప్పుడు. తర్వాత కిటికీలోంచి గాలి వీచింది. గాలితో పాటు బీరువా తలుపు తెరిస్తే వచ్చే వాసన వంటింట్లోకి వచ్చింది. ముక్కుపుటాలు చల్లబడే వాసన.

జల్లెడ బల్ల మీది ప్యాకెట్టు వైపు చూసింది. దాని మూత వేసే ఉంది.

ఆమె పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ పాత స్నానపు తొట్టెలో, పగిలిన బక్కెట్లలో వరసగా పెంచిన మొక్కల్ని అత్తగారు జుట్టు పట్టుకుని లాగినట్టు లాగి నేలకేసి కొడుతోంది. కళ్ళ నీళ్ళు బుగ్గల మీద కారుతున్నాయి. "ఇక ఇవెందుకు! నూనె ఎందుకు, నేనెందుకు!"

"ఆగండి అత్తయ్యా! ఆగండి!"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మొదటి మొక్క ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపింది. తియ్యగా, కాస్త సోంపు కలిసినట్టు ఉంది. రుద్రజడ. ఎలా ఉండాలో అలాగే ఉంది. రెండో మొక్క నలిపింది. ముక్కులో కర్పూరం గుప్పున కొట్టింది. మూడోది కర్పూరం. నాలుగోది తియ్యన. ఐదోది, ఆరోది కర్పూరం. తొట్టె చివర ఉన్నది నలిపితే లవంగం కొరికినట్టు నాలుక కొస దాకా ఘాటెక్కింది.

ఒకే తొట్టె, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. దగ్గరికెళ్ళి, ఆమెలాంటి కళ్ళతో చూస్తేనే తేడా తెలుస్తుంది. కర్పూరం కొట్టే మొక్కల ఆకు ఓ పిసరు చిన్నది, కాడ మీద నూగు ఓ పిసరు ఎక్కువ. ఊరవతల బీళ్ళలో ఎవరూ నాటకుండా మొలిచే కుక్క తులసి. ఈ తులసి కుటుంబం సంగతి ఆమెకి తెలియంది కాదు. పెంపుడు మొక్కని తరతరాలుగా ఏరి ఏరి ఒక వాసనకి అలవాటు చేశారు. అడవిది ఎవరి మాటా వినదు. ఒకే గట్టు మీద పక్కపక్కన మొలిచిన రెండు మొక్కల్లో ఒకదాని నూనె నిమ్మకాయలా ఉంటుంది, ఇంకోదాని నూనె కర్పూరమైపోతుంది. ఆకు చూసి నూనె చెప్పడం, ముఖం చూసి మనసు చెప్పడం లాంటిదే.

ఆమె మేష్టారికి ఫోన్ చేసింది.

"ఇప్పుడు వినే ఓపికుందా తల్లీ?" అన్నాడాయన. "నువ్వు లేచిపోయాక కాగితం నాకు నేనే చదువుకున్నాను. బజారు బిళ్ళ కలిపితే కర్పూరం గీత ఒక్కటే ఒంటరి కొండలా నిలబడేది. ఇక్కడ అలా లేదు. దాని ముందూ వెనకా దాని చుట్టాలు పక్కాలు అందరూ ఉన్నారు. మొక్కలో పుట్టిన కర్పూరం అలా సపరివారంగా వస్తుంది. ఎవరూ కలపలేదమ్మా. ఆకులోనే ఉంది."

"ఎవరూ కలపలేదు," అని ఆమె గట్టిగా అంది. అత్తగారికి వినిపించాలని.

అత్తగారు చేతిలో మొక్కతో అలాగే నిలబడిపోయింది.

"ఈ గింజలు ఎక్కడివి అత్తయ్యా?"

"ఎక్కడివేంటి, మీ కంపెనీవే. నీ మొగుడే తెచ్చిచ్చాడు. మూల చిరిగింది, అమ్మడానికి పనికిరాదన్నాడు. ప్యాకెట్టు అదిగో, పలుగు పక్కన."

మట్టి అంటిన ఆ ప్యాకెట్టుని ఆమె కొంగుతో తుడిచి చూసింది. స్వచ్ఛమైన రుద్రజడ విత్తనం. ముప్పై ఒకటో రాశి, అంటే ఆ విడత గింజలకి వేసిన అంకె. ఐదు నెలల కిందటి తారీఖు. దాని కింద గుండ్రటి ఊదారంగు ముద్ర, మధ్యలో ఏడో నంబరు.

ఏడో నంబరు ముద్ర ఆమెది. ఈ గింజలు నేను చూశాను, వీటిలో కల్తీ లేదు అని చెప్పే ముద్ర.

ఐదు నెలల కిందట ఆమె కంపెనీ గడప తొక్కలేదు. నాలుగు నెలల బిడ్డని ఒళ్ళో వేసుకుని ఈ ఇంట్లోనే సెలవులో ఉంది.

"అత్తయ్యా..." అంది. "ఇందాక నేనన్న మాటలు..."

"ఇందాక అన్న మాటలు సంచీలో గింజలు కావు, తూచి వెనక్కి పోసుకోడానికి." అత్తగారి కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం రంపంలా ఉంది. "నన్ను నీ బిడ్డని ముట్టుకోవద్దన్నావు. దాని సంగతి నేనూ నువ్వూ తర్వాత తేల్చుకుందాం. నీతో నాకు వేరే పంచాయితీ ఉంది. ముందు వెళ్ళి, నీ ముద్ర ఎవడు కొట్టాడో కనుక్కో."

"ఆ మొక్కలు పీకకండి. ఒక్క ఆకు కూడా పారేయకండి."

ఆమె లోపలికి వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. చొక్కాలు బల్ల మీదే ఉన్నాయి, గుమాస్తా లేడు. ఆస్పత్రికి వెళ్ళుంటాడనుకుంది.

మధ్యాహ్నం మూడు దాటింది. కంపెనీ గిడ్డంగిలో పొట్టు ధూళి ఎండలో తేలుతోంది. ఒక లారీ వెనక తలుపు తెరుచుకుని గిడ్డంగి అరుగుకి ఆనించి ఉంది. కూలీలు అట్టపెట్టెలు ఎక్కిస్తున్నారు. జల్లెడ వాళ్ళ పక్కనుంచి నడిచి, తన గది తాళం తీసింది. ప్రతి రాశి నుంచి ఒక గుప్పెడు గింజలు చిన్న కవర్లో పోసి, అరలో దాచి ఉంచాలని కంపెనీ నియమం. ముప్పై ఒకటి కవర్ని తెల్ల పళ్ళెంలో ఒంపింది.

భూతద్దం తీయాల్సిన అవసరం కూడా రాలేదు. పెద్ద గింజా చిన్న గింజా సగానికి సగం కలిసి ఉన్నాయి. మూడో నంబరు జల్లెడలో ఒక్కసారి ఊపితే వేటికవి విడిపోయాయి. పైన రుద్రజడ, కింద కుక్క తులసి. చేతకాక జరిగిన పొరపాటు కాదిది. పంట తక్కువ వచ్చింది, సంచీలు నిండాలి, బీళ్ళలో ఊరికే దొరికే గింజ దూసుకొచ్చి కలిపారు. ఎవరో ఇద్దరు మనుషులు పారతో తిరగేసి, చెమట తుడుచుకుని మరీ కలిపారు.

ముద్ర ఆమె సొరుగులో ఉంటుంది. సొరుగు తాళంచెవులు రెండు. ఒకటి ఆమె మెళ్ళో ఉంది. రెండోది సెలవు పెట్టి వెళ్ళేటప్పుడు నమ్మకం కొద్దీ ఎవరికిచ్చిందో గుర్తుకు రాగానే ఆమె గదిలోంచి బయటికి నడిచింది.

గిడ్డంగి చివర గుమాస్తా బల్ల ఉంది. ఉత్తరాల ఫైలు ఎప్పుడూ ఎడమ సొరుగులో పెడతాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో అతని అలవాట్లు ఆమెకి కంఠతా వచ్చు. ఫైలు తెరిచింది.

మొదటి ఉత్తరం ఎవరో క్యాంటీన్ వంటాయన రాసింది. మీ గింజ వేస్తే మొలిచిన ఆకు వంటలో వేశాను, వంటంతా బట్టల బీరువా వాసన, ఐదొందల మంది భోజనం పారబోశాను అని. తారీఖు రెండు నెలల కిందటిది. దాని వెనక పిన్ను గుచ్చిన జవాబు నకలు: 'మా విత్తనం పరీక్షించి ముద్రవేసినది. తేడా మీ నేలలోదై ఉంటుంది.' అక్షరాలు ముత్యాల్లా గుండ్రంగా ఉన్నాయి. ఆమె పెళ్ళికి ముందు దాచుకున్న ఉత్తరాల్లో ఉన్న అక్షరాలు అవే. రెండో ఉత్తరం ఒక తోటమాలిది, మూడోది అగరొత్తులు చేసే ఆవిడది. జవాబు మూడింటికీ ఒకటే. సంతకం ఒకటే.

తెలుసు. రెండు నెలలుగా తెలుసు. ఆ మొక్కలు తన పెరట్లో ఎదుగుతున్నాయని తెలుసు, తన తల్లి వాటిని కుక్కర్లో వేస్తుందని తెలుసు. బిడ్డ కళ్ళు తేలేసిన మంగళవారం నుంచి ఇవాళ్టి దాకా, డాక్టరమ్మ 'ఏం రాశారు, ఏం కలిపారు' అని పదేపదే అడుగుతుంటే పక్కన నిలబడి చొక్కాలు మడతపెట్టాడు.

బయట లారీ ఇంజను మొదలైంది.

ఆమె ఫైలు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. చివరి పెట్టె మీద చీటీ కనబడింది. ముప్పై ఒకటి. దాని పక్క పెట్టెకీ అదే అంకె. దాని కింద పెట్టెకీ అదే. లారీ ముందువైపు పెట్టెల జాబితా పట్టుకుని టిక్కులు పెడుతున్నాడు గుమాస్తా. ఆస్పత్రిలో లేడు. ఇక్కడున్నాడు.

ఆమె అరుగు దిగి వెళ్ళి లారీ ముందు నిలబడింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. కదల్లేదు.

"ఏం చేస్తున్నావు నువ్వు? పక్కకి రా," అన్నాడు గుమాస్తా, నలుగురూ చూస్తున్నారని పళ్ళ బిగువున.

"ఈ పెట్టెలు కిందికి దించమనండి."

"పిచ్చా? ఇవాళ వెళ్ళాల్సిన సరుకు. కంపెనీ పెద్దసారు స్వయంగా చెప్పి వెళ్ళాడు."

"పెద్దసారు చెప్పాడా కలపమని కూడా?"

గుమాస్తా తేలు కుట్టిన దొంగలా చుట్టూ చూశాడు. ఆమె చేతిలోని ఫైలు మీద చూపు ఆగింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడు, కలపడం నేను కలపలేదు. సంచీలు వచ్చాయి, ముద్ర కొట్టమన్నారు, కొట్టాను. కాదంటే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. నువ్వు పచ్చి బాలింతవి అప్పుడు. ఆకుకి కాస్త వాసన తేడా వస్తే ఏమవుతుందనుకున్నాను. ఎవడైనా తింటే చస్తాడా అనుకున్నాను."

"నీ కొడుకు చావబోయాడు."

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. పెట్టెలు మోస్తున్న కూలీలు కూడా ఆగి చూశారు.

"అరవకు. దాని మీద ఉన్నది నీ ముద్ర. విషయం బయటపడితే ముందు పట్టుకుపోయేది నిన్నే. నేను నోరు మూసుకుంది ఎందుకనుకున్నావు? నీ కోసం కాదూ?"

"నా కోసమా! అయితే మీ అమ్మ మీదికి ఎందుకు తోశావు? 'మర్చిపోయుంటావులే అమ్మా' అని ఆ ముసలావిడ బుర్రలో పురుగు ఎందుకు దూర్చావు?"

అతను టిక్కులు పెట్టిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి ఆడబిడ్డ. బిడ్డకేమైనా అయిందేమోనని వెంటనే ఎత్తింది.

"వదినా, బాబు బాగానే ఉన్నాడు. పాలు తాగి పడుకున్నాడు." అవతల ఆ పిల్ల వెక్కుతోంది. "అమ్మ సంగతి... పక్కింటావిడ ఫోన్ చేసింది. ఇంటికి పోలీసులొచ్చారట. పొద్దున్న అన్నయ్య ఇక్కడ ఆస్పత్రిలో పోలీసులకి కాగితం రాసిచ్చాడట వదినా. అమ్మ నూనెలో కర్పూరం బిళ్ళలు కలపడం నా కళ్ళతో చూశాను అని!"

జల్లెడ చూపు గుమాస్తా ముఖం మీద నిలిచిపోయింది. "అమ్మ కలపలేదు. నా దగ్గర రుజువుంది. వాళ్ళకి ఒక్క మాట చెప్పమను, పెరట్లో మొక్కలు చూడమను."

"మొక్కల్లేవు వదినా. వాళ్ళు గుమ్మంలో ఉండగానే అమ్మ అన్నీ పీకి పొయ్యిలో పెట్టేసిందట. పెట్టేసి, 'ఆ, నేనే కలిపాను, నా కొడుకు చెప్పింది నిజమే' అని సంతకం కూడా పెట్టేసిందట!"

ఫోన్లో మాట గట్టిగానే వినిపిస్తోంది. గుమాస్తా విన్నాడు. మూడు రోజులుగా బిగబట్టి ఉన్న ఊపిరి అతని ఛాతీలోంచి నెమ్మదిగా బయటికి వచ్చింది. భుజాలు కిందికి దిగాయి. తల్లి జైలుకెళ్తోందని విన్న కొడుకు ముఖంలో కనిపించాల్సింది అది కాదు.

ఆ ఊపిరి జల్లెడ చూసింది.

ఆమె ఫోన్ కట్టేసింది. లారీ మెట్టు మీద కాలుపెట్టి, డ్రైవర్ 'ఏయ్, ఏయ్' అంటుండగానే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం చెవి లాగేసింది. ఇంజను ఒక్క కుదుపుతో ఆగింది. ఉత్తరాల ఫైలు చంకలో పెట్టుకుని, తాళం పిడికిట్లో బిగించి, గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" గుమాస్తా వెనక నుంచి అరిచాడు. ఈసారి గొంతులో దూది లేదు.

"పోలీసుల దగ్గరికి. ఏడో నంబరు ముద్ర నాదేనని చెప్పడానికి," అంది ఆమె తిరిగి చూడకుండా.

"గేటు మూసెయ్!" అని అతను కాపలావాడికి కేకేశాడు. "కంపెనీ కాగితాలు దొంగిలించి పారిపోతోంది! మూసెయ్ గేటు!"

ఇనుప గేటు కిర్రుమంటూ కదిలింది.